గోరంత అల్లం, గుప్పెడు పుదీనా

మా అత్తకు అల్లమంటే భయం.

పాముకు భయపడదు, షాకు కొట్టే బోరు మోటరుకు భయపడదు, పక్క ఫాంహౌసువాళ్లు పెంచే దూడంత కుక్కకు కూడా భయపడదు. చేతిలో చీపురుంటే చాలు, దాన్ని వాళ్ల గేటు దాకా తరిమి వస్తుంది. అలాంటి ప్రమీలమ్మ అల్లం ముక్క కనపడితే మాత్రం కొంగు సర్దుకుని ఒక అడుగు వెనక్కి వేస్తుంది.

దానికి కారణం నేనే. రెండేళ్ల కింద నాకు మొదటి కడుపు వచ్చింది, మూడో నెల నిండకముందే పోయింది. పోయిన ముందురోజు మొయినాబాద్‌లో టిఫిన్ సెంటర్ దగ్గర ఆగి, ఇడ్లీలోకి అల్లం చట్నీ మళ్లీ మళ్లీ వేయించుకుని తిన్నాను. "గిట్ల చానమందికి అయితది, ఎవ్వరి తప్పు గాదు" అని డాక్టర్ ఉమారాణి నన్నూ, నా భర్త శ్రీశైలాన్నీ, అత్తనూ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. మేమిద్దరం నమ్మాం. అత్త తల ఊపింది గానీ నమ్మలేదు. ఇంటికి రాగానే వంటింట్లో ఉన్న అల్లమంతా తీసి పెంటదిబ్బ మీద పారేసింది. ఆ తర్వాత మా ఇంట్లో కోడికూర కూడా వట్టి వెల్లుల్లితోనే ఉడికింది.

ఈ ఏడాది ఆషాఢంలో, మా ఊరు చిన్న మంగళారంలో బోనాల డప్పులు మోగుతున్న రోజుల్లో, నాకు మళ్లీ నెల తప్పింది. సంతోషపడటానికి కూడా మాకు ధైర్యం చాలలేదు. శ్రీశైలం ఆ మాట పైకి అనడానికే జంకాడు. అత్త ఎవరికీ చెప్పనివ్వలేదు. వేడిపాలకు మూతి కాలిన పిల్లి మజ్జిగను కూడా ఊదుకుని తాగుతుందంటారు, మా ఇంట్లో ముగ్గురమూ ఆ పిల్లులమే.

దానికి తోడు వాంతులు పట్టుకున్నాయి. అన్నం వాసన వస్తే వాంతి, పాల వాసన వస్తే వాంతి, చివరికి బోరు నీళ్లు తాగినా వాంతి. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. చేవెళ్ల దవాఖానకు తీసుకుపోతే ఉమారాణి మేడం నా నాలుక చూసి, బరువు చూసి, చల్లగా ఒక మాట అన్నది.

"పొద్దుగాల వేడినీళ్లల్ల జర అల్లం దంచి వేసుకొని తాగు నవతా. వాంతులు తగ్గుతయి."

అత్త కుర్చీలోంచి లేచి నిలబడింది.

"అల్లం వద్దు డాక్టరమ్మా. ఇంకేదన్న గోలి రాయి."

"గోలీలు కూడ బయటికే వస్తున్నయి గదమ్మా. అల్లంతోని ఏం గాదు. గోరంత వెయ్యి, చాలు."

ఇంటి ముందు ఆటో దిగాక అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"గోరంత అన్నది గద. ఎవరి గోరంత?"

"ఎవరిదైతే ఏంది అత్తమ్మా, గోరే గద."

"నాది ఎడల్పు. నీది సన్నగున్నది. నీ గోరంతనే వేస్త" అని నా చిటికెన వేలిని వెలుతురులోకి తిప్పి చూసింది. నాకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు అది.

మర్నాడు తెల్లవారగానే లేచి పొయ్యి వెలిగించింది. నేను వంటింటి గడప మీద కూర్చుని చూస్తున్నాను. అల్లం ముక్కను పొట్టు గీకి, చిన్న రోట్లో వేసి, అది ఎగిరి మీద పడుతుందేమో అన్నట్టు మొహం పక్కకు తిప్పి దంచింది. మరిగే నీళ్లలో దాన్ని వేసి, రంగు దిగాక గిన్నె దించి, అప్పుడు గుప్పెడు పుదీనా ఆకు నలిపి వేసి మూత పెట్టింది. "పుదీన మరగొద్దు, మరిగితే చేదైతది" అని నాకు చెప్పింది. కాసేపాగి వడగట్టి, కొంచెం బెల్లం కలిపి రెండు గ్లాసుల్లో పోసింది.

"అంత పుదీన ఎందుకు అత్తమ్మా?"

"అల్లం వేడి జేస్తది, పుదీన చలువ జేస్తది. గోరంత వేడికి గుప్పెడు చలువ. ఇగ అది ఏం పీకుతది?"

నేను చెయ్యి చాచాను. ఆమె నా గ్లాసు మీద పళ్లెం మూసి గట్టు మీద పెట్టి, తన గ్లాసు తీసుకుని గడగడా తాగేసింది.

"ముందు నాకేమైతదో చూద్దాం. నాకేం గాకుంటే నీకిస్త."

"నీ కడుపుల ఏమున్నదని అత్తమ్మా చూసుడు?"

"పేగులున్నయి గదనే. వేడి జేస్తే ముందు నాకే తెలుస్తది. పశువుల కొట్టం గోడ మీదికెల్లి ఎండ కిందికి దిగేదాక ఆగు."

అలా మొదలైంది. రోజూ పొద్దున్నే ఆమె తాగేది, ఆకిలి ఊడ్చేది, బర్రెకు గడ్డి వేసేది. ఎండ గోడ దిగాక వచ్చి, తన పొట్ట ఒకసారి తడుముకుని, నా గ్లాసు మీది పళ్లెం తీసేది. అప్పటికి ఆ అల్లం చాయ గోరువెచ్చగా అయ్యేది. ఊళ్లో ఎవరైనా చూస్తే నవ్విపోతారని నేను వేళాకోళం చేసేదాన్ని. కానీ ఆ గోరువెచ్చటి నీళ్లు కడుపులో నిలిచాయి. వారం తిరిగేసరికి మధ్యాహ్నం అన్నం కూడా నిలిచింది. గాజులు ఇంకా జారుతూనే ఉన్నాయి గానీ, మోచేతి దాకా పోవడం మానాయి.

ఆ పుదీనా ఎక్కడిదో చెప్పాలి. మాకున్న పొలంలో సగానికి పైగా పుదీనాయే. కోసి, కట్టలు కట్టి, ఆటోలో వేస్తే పొద్దెక్కేసరికి మెహదీపట్నం మార్కెట్‌లో ఉంటుంది. ఆ పుదీనాకు మందు కొడతాం. వానాకాలంలో పచ్చపురుగు పడితే మందు కొట్టకుండా ఒక్క కట్ట కూడా చేతికి రాదు. కానీ ఇంటి వాడకానికి మాత్రం బోరు పక్కన ఒక చిన్న మడి వేరుగా ఉంటుంది. అది ఇంటి మడి. అందులో పుదీనా, కొత్తిమీర, నాలుగు మిరపచెట్లు. దాని మధ్యలో ఒక కట్టె పాతి, అత్త పాత చీర చింపి ఎర్ర పేలిక కడుతుంది. మా చుట్టుపక్కల ఏ రైతు చేలో చూసినా ఇదే పద్ధతి. పంపు వీపున వేసుకుని మందు కొడుతూ వచ్చేవాడు ఆ పేలిక చూడగానే స్ప్రే గన్ను ఆపి, చుట్టూ తిరిగి పోతాడు. ఎవరూ ఎవరికీ చెప్పే పని లేదు. మెహదీపట్నం తినేదానికి మందు, మేము తినేదానికి పేలిక. ఈ లెక్కలో తిరకాసు ఉందని నాకు అప్పటిదాకా తోచలేదు.

శ్రావణంలో వానలు ఆగి, ఉక్క పట్టి, పుదీనాకు పచ్చపురుగు పడింది. రాత్రికి రాత్రి ఆకు జల్లెడలా అయిపోతోంది. ఎప్పుడైనా మందు కొట్టేది శ్రీశైలమే. ఈసారి ఆయన పంపు కడుగుతుంటే అత్త అడ్డం వచ్చింది.

"మందు కొట్టి ఇంట్లకెట్ల వస్తవ్ రా? ఎంత కడుక్కున్నా బట్టలకు వాసన ఉంటది. పిల్లకు తగులుతది."

"మరి పంట పోనియ్యాల్నా అవ్వా?" అన్నాడు శ్రీశైలం, తల్లితో.

"పంట పోతే మళ్ల వస్తది."

శ్రీశైలం పంపును కొట్టంలో పెట్టేసి షాబాద్ నుంచి మందు కొట్టే డ్రోన్ మాట్లాడుకొచ్చాడు. మర్నాడు సాయంత్రం సాయి కిరణ్ అనే పిల్లగాడు ట్రాలీలో ఆ మిషిన్ తెచ్చి మా ఆకిట్లో దించాడు. రెక్కలు విప్పితే నులక మంచమంత ఉంది. "నాలుగు మూలలు చూపియ్యి అన్నా, ఫోన్ల మార్క్ చేసుకుంట. మిగతాదంత మిషినే చూసుకుంటది" అన్నాడు. శ్రీశైలం అతన్ని వెంటబెట్టుకుని చేలోకి నడిచాడు.

అత్త నన్ను లోపలికి తోసి కిటికీలు మూసింది. తలుపు సందులో తడిగుడ్డ కుక్కింది. తను కూడా నా పక్కనే మంచం మీద కూర్చుని నా ముక్కుకు కొంగు అడ్డం పెట్టింది. బయట తేనెటీగల తుట్టె కదిలినట్టు రొద. ఒకసారి దూరంగా పోయింది, ఒకసారి ఇంటి దగ్గరికి వచ్చింది. ఇంటి దగ్గరికి వచ్చినప్పుడు నేను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "ఏం గాదు, తలుపులు మంచిగ పెట్టిన" అన్నది అత్త. అన్ని తలుపులూ పెట్టింది కాబట్టే ఆ మిషిన్ ఎక్కడెక్కడ తిరిగిందో మా ఇద్దరిలో ఎవరమూ చూడలేదు.

మర్నాడు పొద్దున నాకు కడుపులో తిప్పుతోంది. అత్త చాయ చేసి, తను తాగి, నా గ్లాసు మీద పళ్లెం మూసి ఆకిట్లోకి పోయింది. ఎండ ఇంకా కొట్టం గోడ పైనే ఉంది. నా నోట్లో నీళ్లూరి వాంతి గొంతులోకి వస్తోంది. ఇన్ని రోజులుగా ఏమీ కానిది ఈ రోజేమవుతుంది అనుకున్నాను. పళ్లెం తీసి, దొంగపిల్లిలా రెండు గుక్కలు తాగి, మళ్లీ మూసేశాను. పుదీనా ఘాటుగా, అల్లం మంటగా, ఎప్పటిలాగే ఉంది.

చీపురు చప్పుడు ఆగిపోయింది.

మొదట నేను పట్టించుకోలేదు. తర్వాత బర్రె అదేపనిగా అరుస్తుంటే బయటికి వచ్చి చూశాను. అత్త కొట్టం గోడకు ఆనుకుని కూలబడి ఉంది. రవిక చెమటకు తడిసి ముద్దైంది, నోటి పక్కనుంచి చొంగ కారుతోంది. నన్ను చూసి ఏదో అనబోయి పక్కకు తిరిగి వాంతి చేసుకుంది. శ్రీశైలాన్ని కేక వేశాను. ఆయన బోరు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"అవ్వా! ఏమైందే?"

ఆమె ఆయనవైపు చూడలేదు. నావైపు చెయ్యి చాచింది.

"గ్లాసు... నీ గ్లాసు తే."

దాహమేమో అనుకుని తెచ్చి ఇచ్చాను. వణికే చేతులతో పళ్లెం తీసింది, గ్లాసులోకి చూసింది. తర్వాత మొత్తం మట్టిలో పారబోసింది.

"అల్లం కొట్టింది... తాగకు" అని అన్నది. తర్వాత మాట ముద్దగా అయిపోయి ఏమీ అర్థం కాలేదు.

పక్కింటి ప్రభాకర్ కారులో చేవెళ్లకు పోతుంటే ఆమె తల నా ఒళ్లో ఉంది. ఊపిరి గురగురమంటోంది. నా రెండు గుక్కలు నా కడుపులో ఉన్నాయి. ఒక చెయ్యి ఆమె నుదుటి మీద, ఒక చెయ్యి నా పొట్ట మీద పెట్టుకుని కూర్చున్నాను. ఎవరి కోసం మొక్కుకోవాలో తెలియక ఇద్దరి కోసమూ కలిపి ఒకే మొక్కు మొక్కాను.

దవాఖానలో డ్యూటీ డాక్టరు ఆమె కంట్లో లైటు వేసి చూశాడు. నర్సును పిలిచి ఏదో ఇంజెక్షన్ పేరు గట్టిగా చెప్పి, మావైపు తిరిగాడు.

"కంటిపాపలు సూదిమొనలంత అయినయి. పురుగుమందు లోపలికి పోయింది. ఇంట్ల ఏమన్న గొడవ అయిందా?"

అడిగింది శ్రీశైలాన్నే గానీ చూసింది నన్ను. అత్త మందు తాగిందంటే కోడలివైపు చూడని వాళ్లెవరు? వెనక బెంచీ మీద ఉన్నవాళ్లు కూడా నావైపే చూశారు.

"గొడవ లేదు, ఏం లేదు. మా అవ్వ మందెందుకు తాగుతది సార్?" అన్నాడు శ్రీశైలం. "పొద్దుగాల చాయ తాగింది, అంతే."

"ఏం చాయ?"

"అల్లం, పుదీన" అన్నాను నేను.

"పుదీన ఎక్కడిది?"

"ఇంటి మడిది సార్. దానికి మేం మందు కొట్టం. పేలిక కట్టి ఉంటది."

నేను ఆ మాట అంటుండగానే శ్రీశైలం గోడకు చెయ్యి ఆనించాడు. మెల్లగా కిందికి జారి నేల మీద కూర్చున్నాడు.

"నాలుగు మూలలు చూపియ్యమన్నడు" అన్నాడు. "హద్దురాళ్లు చూపిచ్చిన."

అంతే అన్నాడు. ఏ రైతునైనా నీ చేను మూలలు చూపించమంటే చూపించేది హద్దురాళ్లే. తాత పాతిన రాళ్లు, తండ్రి కాపాడిన రాళ్లు. బోరూ, దాని పక్కన ఇంటి మడీ ఆ రాళ్ల లోపలే ఉన్నాయి. పేలికను చూసి ఆగడానికి ఆ మిషిన్‌కు కళ్లు లేవు. పుదీనా వాసనలో ఇంకే వాసనైనా మునిగిపోతుంది కాబట్టి అత్తకూ తెలియలేదు. మూడు నీళ్లలో కడిగిందట, పాపం. అల్లం చుట్టూ మేమంతా కాపలా కాస్తే, పుదీనా రూపంలో కంచే చేను మేసింది.

అత్తను లోపలికి తీసుకుపోయాక, నేను మెట్లెక్కి ఉమారాణి మేడం గదికి పోయాను. శ్రీశైలానికి చెప్పలేదు. ఆయన మొహం చూస్తే చెప్పబుద్ధి కాలేదు. మేడంకు మాత్రం అంతా చెప్పాను. ఆమె నన్ను పడుకోబెట్టి, కళ్లు చూసి, నాడి చూసి, రక్తం తీయించి, పొట్ట మీద మిషిన్ పెట్టింది. టకటకమని గుండె చప్పుడు వినిపించింది. ఏడుపు ఆపుకోలేకపోయాను.

"ఇప్పటికైతే గుండె మంచిగ కొట్టుకుంటున్నది. నీకు పోయింది కొద్దిగనే" అన్నది మేడం. "కానీ నేను ఉత్తగ ధైర్యం చెప్పను నవతా. ఐదో నెల స్కాన్ల అవయవాలన్నీ కనపడుతయి. అప్పటిదాక చూడాలె."

"అత్తమ్మకు చెప్పకుండ్రి మేడం. భయానికే పోతది."

ఆమె సరేనని తల ఊపింది.

మూడో రోజుకు అత్త కళ్లు తెరిచి మనిషిని గుర్తుపట్టింది. నోరు పిడచగట్టుకుపోయి ఉంది. పెదాలకు తడిగుడ్డ అద్దుతుంటే నా మణికట్టు పట్టుకుంది.

"నువ్వు తాగలేదు గద బిడ్డా?"

"లేదత్తమ్మా. నువ్వే పారబోస్తివి గద."

నా మొహంలోకి కాసేపు చూసింది.

"మంచిగైంది" అని కళ్లు మూసుకుంది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పాలంటే భయం అన్న ఒక్క మాట చాలు. అత్త ఇంటికి వచ్చింది, లేచి తిరిగింది, మళ్లీ ఫాంహౌసు కుక్కను తరిమింది. నాకు మాత్రం ప్రతి వాంతీ ఒక ప్రశ్న అయ్యింది. ఇది కడుపుతో ఉన్నందుకు వచ్చిందా, ఆ రెండు గుక్కలకు వచ్చిందా? బాత్రూంకు పోయిన ప్రతిసారీ బట్ట మీద మరక ఉందేమోనని కళ్లు చిట్లించి చూసుకునేదాన్ని. గోరింటాకు ఎర్రగా పండిన వేళ్లను చూస్తే, లోపలి బిడ్డకు వేళ్లు అన్నీ ఉన్నాయో లేదో అనిపించేది. ఎవరికైనా చెప్పుకుంటే సగం బరువు దిగేది. కానీ ఎవరికి చెప్పాలి? ఒకరు చావు నుంచి తిరిగి వచ్చిన మనిషి. ఇంకొకరు అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి అలాగే లేచిపోతున్న మనిషి.

ఒకరోజు గట్టు మీద కూర్చున్న శ్రీశైలం నాతో అన్నాడు: "ఇన్నేండ్లు కొట్టి పంపిచ్చినం గదా. అక్కడ ఎవరెవరు తాగిన్రో."

నా మనసులో కూడా అదే తిరుగుతోంది. మెహదీపట్నంలో నాలాగే వాంతులతో వేగుతున్న ఏ పిల్లో మా కట్ట విప్పి, మూడు నీళ్లలో కడిగి, నిశ్చింతగా మూత పెట్టి ఉంటుంది. ఆమెకు ముందు తాగి చూసే అత్త ఉందో లేదో. ఆయన చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకొచ్చాను. ఆ కోత ఆయన మార్కెట్‌కు పంపలేదు. ట్రాక్టర్ పిలిచి చేనంతా దున్నించేశాడు. కొత్తగా నాటడానికి పుదీనా తీగలు శంకర్‌పల్లి వైపు నుంచి తెచ్చాడు. ఒక పిడికెడు తీగలు మాత్రం పాత పెయింటు డబ్బాలో మట్టి నింపి, వంటింటి గడప పక్కనే నాటాడు. అత్త దానికి కూడా ఒక పుల్ల గుచ్చి చిన్న పేలిక కట్టింది. డబ్బాకు పేలికేమిటని నవ్వబోయి ఊరుకున్నాను.

ఐదో నెల పడ్డాక, ఊళ్లో ఆడవాళ్లు బతుకమ్మకు పూల లెక్కలు వేసుకుంటున్న రోజుల్లో, స్కాన్‌కు పోయాం. అత్తను లోపలికి రానివ్వలేదు. బయట బెంచీ మీద కూర్చుని కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. చీకటి గదిలో డాక్టరు చాలాసేపు తెర వైపు చూసింది. తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. తల మంచిగున్నది. వెన్నెముక మంచిగున్నది. గుండెలో నాలుగు గదులున్నాయి. చేతులు, కాళ్లు, వేళ్లు. అప్పుడే లోపల బిడ్డ కాలు ఆడించింది. తెర మీద చూశాను, కడుపులోనూ తెలిసింది.

బయటికి వచ్చి "అంత మంచిగున్నది అత్తమ్మా" అన్నాను.

ఆమె లేచి నిలబడలేకపోయింది. రెండు చేతులతో మొహం కప్పుకుని, భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది. దవాఖానలో అంతమంది ముందు ఏడ్చే మనిషి కాదు ఆమె. తనకు ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా ఏడవలేదు. శ్రీశైలం పక్కకు తిరిగి గోడ మీది పోస్టర్ చదువుతున్నట్టు నిలబడ్డాడు.

సాయంత్రం ప్రభాకర్ కారులో ఇంటికి వస్తుంటే మా చేను కనిపించింది. కొత్త పుదీనా అప్పుడప్పుడే పచ్చగా పాకుతోంది. నాలుగు హద్దురాళ్ల పక్కన నాలుగు కట్టెలు పాతి ఉన్నాయి. నాలుగింటికీ ఎర్ర పేలికలు.

"నా కొత్త చీర చింపిండు, దొంగముండాకొడుకు" అన్నది అత్త.

"పాతది చిన్నగున్నది అవ్వా" అన్నాడు శ్రీశైలం.

"పురుగు పడితే ఏం జేస్తవ్ రా?"

"పడనీ. తినంగ మిగిలిందే పంపుదాం."

కారు మలుపు తిరిగేదాకా అత్త వెనక్కి తిరిగి ఆ పేలికలవైపే చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున రోలు చప్పుడుకు మెలకువ వచ్చింది. చాలా రోజుల తర్వాత విన్న చప్పుడు. లేచి పోయి వంటింటి గడప మీద నా పాత చోట్లో కూర్చున్నాను. అత్త నా చిటికెన వేలు అడిగి చూసి, అల్లం కోసి దంచింది. ఈసారి మొహం పక్కకు తిప్పుకోలేదు. గడప పక్కన డబ్బాలోంచి పుదీనా తుంచి, ఒక్కొక్క ఆకునూ రెండు వైపులా తిప్పి చూసి, కడిగి, మళ్లీ కడిగి, గిన్నెలో వేసి మూత పెట్టింది. వడగట్టి రెండు గ్లాసుల్లో పోసింది. నా గ్లాసును వెలుతురుకెత్తి పట్టుకుని, ఎంత పోసిందో చూసుకుంది.

"ఆ రోజు నీ గ్లాసు రెండు వేళ్లంత తక్కువున్నది" అన్నది.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"నేను అంచు దాక పోసి మూసిన. పారబోసేటప్పుడు చూసిన. రెండు వేళ్లంత తక్కువున్నది. తాగినవ్ నువ్వు."

"దవాఖానల అడిగితివి గద అత్తమ్మా. లేదంటే మంచిగైంది అంటివి."

"అన్న. పిల్ల నా కోసం అబద్ధం ఆడుతున్నది, ఆడనియ్యి అనుకున్న."

"మరి ఇన్ని రోజులు ఒక్క మాట కూడ అనలే?"

అత్త నా గ్లాసు గట్టు మీద పెట్టి, దాని మీద పళ్లెం మూసింది. తన గ్లాసు రెండు చేతులా పట్టుకుని నా పక్కన కూర్చుంది.

"అంటే నువ్వు నన్ను చూసి ఇంక భయపడుదువు" అన్నది. "ఒక్కదాన్నే భయపడదాం అనుకున్న."

ఇన్ని రోజులూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, ఇద్దరం చెరొక మూల కూర్చుని ఒకే భయాన్ని భయపడ్డాం. ఆమె మోకాలి మీద తల పెట్టుకున్నాను. ఆమె నా నెత్తి మీద చెయ్యి వేసి, రెండో చేత్తో చాయ తాగింది, చివరి చుక్క దాకా. తర్వాత చీపురు తీసుకుని లేచింది. నాకు తెలియకుండానే నా చెయ్యి గట్టు మీది గ్లాసు వైపు పోయింది.

"జర ఆగు" అన్నది అత్త గడప దాటుతూ, వెనక్కి తిరక్కుండానే. "ఎండ ఇంక గోడ దిగలే."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కొట్టం గోడవైపు చూస్తూ ఆగాను.